గర్భాశయ కంతులు – అల్ట్రాసౌండ్ పరీక్ష
స్కానింగ్ నివేదికను అర్థం చేసుకోవడం ఎలా?

స్త్రీలకు తరచుగా కలిగే ఆరోగ్య సమస్యలలో గర్భాశయ కంతులు ముఖ్యమైనవి. వీటిని వాడుకలో 'గర్భసంచిలో గడ్డలు' అనీ, వైద్యులు 'ఫైబ్రాయిడ్లు' అనీ అంటారు. నడుము నొప్పి అనో, ముట్టు సమయంలో రక్తం ఎక్కువగా పోతున్నదనో స్కానింగ్‌కు వెళ్ళిన స్త్రీ చేతికి 'ఫైబ్రాయిడ్ ఉన్నది' అని రాసిన కాగితం వస్తుంది. ఆ ఒక్క మాటతో ఇంటిల్లిపాదికీ ఆదుర్దా మొదలవుతుంది. అది క్యాన్సరేమోనని కొందరు భయపడతారు. పిల్లలు పుట్టిన తరువాత గర్భసంచితో ఇక పనేమున్నదని తీయించివేసేవారు కొందరు. ఏదో ఒక పసరుతో కరిగిపోతుందని నమ్మి, ఏళ్ళ తరబడి రక్తం పోగొట్టుకొని పాలిపోయేవారు మరికొందరు.

ఈ పొరపాట్లన్నిటికీ మూలం ఒక్కటే. నివేదికలో 'గడ్డ' అన్న మాటను మాత్రమే చూసి, తక్కిన వివరాలను వదలివేయడం. గడ్డ ఉన్నదా లేదా అన్నది స్కానింగ్ చెప్పే విషయాలలో మొదటిది మాత్రమే. అది ఎక్కడ ఉన్నది, ఎంత ఉన్నది, గర్భాశయపు లోపొరను తాకుతున్నదా అన్నవే చికిత్సను నిర్ణయిస్తాయి. ఆ వివరాలను సామాన్య పాఠకులు సైతం తెలుసుకోగలిగే విధంగా ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

కంతి అంటే ఏమిటి?

గర్భాశయపు గోడ దృఢమైన కండరంతో నిర్మితమై ఉంటుంది. ఈ కండరంలోని ఒక కణం అదుపు తప్పి విభజన చెందుతూ, పీచు పదార్థంతో కలిసి గుండ్రని ముద్దగా పెరగడమే కంతి. ఇది శనగగింజంత ఉండవచ్చు, కొబ్బరికాయంత కావచ్చు. ఒకటే ఉండవచ్చు, పదీ పదిహేను ఉండవచ్చు. అండాశయాలు స్రవించే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరోన్ అనే హార్మోన్లు దీని పెరుగుదలకు దోహదం చేస్తాయి. అందుచేతనే రజస్వల కాకముందు ఇవి కనిపించవు. ముట్లుడిగిన తరువాత సాధారణంగా క్రమంగా కుంచించుకుపోతాయి.

ఇవి ఎంత సాధారణమో తెలిస్తే సగం భయం తీరుతుంది. అమెరికాలో 35–49 సంవత్సరాల మధ్య వయస్కులపై జరిపి 2003లో ప్రచురించిన ఒక అధ్యయనం, 50 ఏళ్ళు వచ్చేసరికి తెల్లజాతి స్త్రీలలో సుమారు 70 శాతం మందికి, నల్లజాతి స్త్రీలలో 80 శాతానికి పైగా కంతులు ఏర్పడతాయని అంచనా వేసింది. వీరిలో చాలామందికి ఏ బాధా ఉండదు. స్కానింగ్ చేయకపోతే అవి ఉన్న సంగతే తెలియదు.

ఇక క్యాన్సర్ మాట. కంతి క్యాన్సర్ కాదు. అయితే కంతిలాగా కనిపించే సార్కోమా అనే దుష్టమైన గడ్డ అరుదుగా ఉంటుంది. కంతుల నిమిత్తం శస్త్రచికిత్స చేయించుకొన్న స్త్రీలలో 350 మందికి ఒకరిలో ఇటువంటిది బయటపడవచ్చునని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2014లో అంచనా వేసింది. ముట్లుడిగిన తరువాత కంతి కొత్తగా పెరిగినా, ఉన్నది పెద్దదైనా ఈ అనుమానంతో తప్పక పరీక్ష చేయించాలి.

ప్రాచీనుల పరిశీలన

చరక సంహిత చికిత్సాస్థానంలోని ఐదవ అధ్యాయం గుల్మ చికిత్సకు సంబంధించినది. అందులో చెప్పిన ఐదు విధాల గుల్మాలలో రక్తగుల్మం స్త్రీలకు మాత్రమే కలిగేది. ముట్టు నిలిచి, పొట్ట పెరిగి, గర్భిణీ చిహ్నాలు కనిపిస్తాయి. కాని గర్భంలోని శిశువు అవయవాలు విడివిడిగా కదిలినట్లు కాక, ఇది మొత్తం ఒకే ముద్దగా స్పందిస్తుందని చరకుడు భేదం చూపించాడు. అంతటితో ఆగక, పదవ నెల గడచిన తరువాతనే రక్తగుల్మానికి చికిత్స చేయవలెనని విధించాడు.

ఈ నియమంలోని వివేకం గమనించదగినది. లోపల ఉన్నది గడ్డయో గర్భమో చేతితో తాకి నిశ్చయించడం కష్టం. గడ్డ అనుకొని మందు ఇస్తే గర్భానికి హాని. కనుక కాలమే తేల్చవలెనని ఆ మహర్షి నిర్ణయం. నేటి ఫైబ్రాయిడ్, ఆనాటి రక్తగుల్మం ఒక్కటేనని చెప్పడానికి వీలులేదు. ఆయుర్వేద వైద్యులలో కొందరు దీనిని గ్రంథిగాను, కొందరు అర్బుదంగాను కూడ భావిస్తారు. కాని 'ముందు నిశ్చయం, తరువాత చికిత్స' అనే సూత్రం మాత్రం నేటికీ శిరోధార్యమే. ఆనాడు పది నెలలు ఆగి తేల్చుకోవలసిన విషయాన్ని ఇప్పుడు అల్ట్రాసౌండ్ పది నిమిషాలలో తేల్చుతున్నది.

ధ్వనితో చూడటం

మన చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకు గల ధ్వనిని వినగలదు. అంతకు మించిన దానిని అతిధ్వని లేక అల్ట్రాసౌండ్ అంటారు. పొట్టపై నుంచి చేసే పరీక్షలో సెకనుకు 30 నుంచి 50 లక్షల కంపనాలు గల ధ్వనిని వాడతారు. చేతిలో ఇమిడే పరికరం ఈ ధ్వనిని లోపలికి పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనిని గ్రహిస్తుంది. ద్రవం గుండా ధ్వని అడ్డు లేకుండా సాగిపోతుంది గనుక నీటితిత్తి తెరపై నల్లగా కనిపిస్తుంది. ఎముక, సున్నపు పదార్థం ధ్వనిని వెనుకకు కొడతాయి గనుక తెల్లగా కనిపిస్తాయి. కండరం బూడిద రంగులో ఉంటుంది. ఎక్స్‌రేలో వలె ఇందులో రేడియేషన్ ఉండదు.

ఈ పరీక్షకూ గర్భాశయ కంతులకూ ఉన్న అనుబంధం పాతది. స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో ప్రసూతి వైద్యాచార్యుడైన ఇయాన్ డొనాల్డ్, లోహపు అతుకులలోని లోపాలను ధ్వనితో కనిపెట్టే యంత్రం బాయిలర్ల కర్మాగారంలో ఉన్నదని తెలుసుకొన్నాడు. 1955 జులైలో, శస్త్రచికిత్సలో తొలగించిన ఫైబ్రాయిడ్లను, అండాశయపు నీటితిత్తులను కారులో వేసుకొని ఆ కర్మాగారానికి వెళ్ళి యంత్రంతో పరీక్షించాడు. గట్టి కంతి ఇచ్చే ప్రతిధ్వని వేరు, నీటితిత్తి ఇచ్చే ప్రతిధ్వని వేరు అని అక్కడ స్పష్టమైంది. ఆ తరువాత జాన్ మెక్‌వికార్, టామ్ బ్రౌన్‌లతో కలిసి 1958లో లాన్సెట్ పత్రికలో తన పరిశీలనలను ప్రకటించాడు. నయం కాని ఉదర క్యాన్సర్ అని వైద్యులు ఆశ వదలుకొన్న ఒక స్త్రీకి, నిజానికి ఉన్నది అండాశయపు నీటితిత్తి మాత్రమేనని ఈ పరీక్షలో తేలింది. దానిని తొలగించగా ఆమె కోలుకొన్నది. సరియైన నిర్ణయం ఒక ప్రాణాన్ని ఎలా నిలబెట్టగలదో చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

పరీక్ష రెండు విధాలు

1. పొట్టపై నుంచి చేసే పరీక్ష: దీనికి మూత్రాశయం నిండి ఉండాలి. గంట ముందు నాలుగైదు గ్లాసుల నీరు తాగి, మూత్రం ఆపుకోమంటారు. నిండిన మూత్రాశయం పేగులను పక్కకు నెట్టి, గర్భాశయాన్ని చూడటానికి కిటికీలాగా ఉపయోగపడుతుంది. పెద్ద కంతులను, పొట్టలోనికి పైకి పెరిగిన కంతులను చూడటానికి ఇది తగినది. అవివాహితలకు సాధారణంగా ఈ పద్ధతిలోనే చేస్తారు.

2. యోని మార్గం ద్వారా చేసే పరీక్ష: దీనికి మూత్రాశయం ఖాళీగా ఉండాలి. సన్నని పరికరానికి శుభ్రమైన తొడుగు వేసి లోపల ఉంచుతారు. గర్భాశయానికి దగ్గరగా ఉండటంచేత చిన్న కంతులు, లోపొరకు సంబంధించిన వివరాలు మరింత స్పష్టంగా కనిపిస్తాయి. నొప్పి ఉండదు, కొద్దిపాటి అసౌకర్యం మాత్రమే. సిగ్గుపడి నిరాకరించనవసరం లేదు. కావాలంటే మహిళా వైద్యురాలు చేయాలనీ, ఆయా పక్కన ఉండాలనీ కోరవచ్చు.

ఒకదానికి ఒకటి బదులు కాదు. గర్భాశయం బాగా పెరిగినప్పుడు యోని మార్గపు పరీక్షకు పైభాగం అందదు. అక్కడి కంతి కంటపడకుండా పోవచ్చు. చిన్న కంతి పొట్టపై నుంచి చూసినప్పుడు కనిపించకపోవచ్చు. వీలైనంత వరకు రెండూ కలిపి చేయించడం మంచిది.

ముట్టు ఆగిన వెంటనే, అంటే మొదటి రోజు నుంచి లెక్కించి ఐదు నుంచి పదవ రోజు లోపల చేయించుకొంటే లోపొర పలుచగా ఉండి, కంతి దానిని తాకుతున్నదీ లేనిదీ చక్కగా తెలుస్తుంది. రక్తస్రావం అధికంగా ఉండి వైద్యుడు వెంటనే చేయమంటే మాత్రం ఈ తేదీల కోసం ఎదురు చూడరాదు.

తెరపై కంతి ఎలా కనిపిస్తుంది?

కంతి సాధారణంగా గుండ్రంగా, అంచులు స్పష్టంగా, చుట్టూ ఉన్న కండరం కంటె కొంత నల్లగా కనిపిస్తుంది. దాని వెనుక విసనకర్ర ఆకారంలో చారల నీడలు పడతాయి. పాతబడిన కంతిలో సున్నం చేరితే తెల్లని మచ్చలు కనిపిస్తాయి. రక్తప్రసారాన్ని రంగులలో చూపే డాప్లర్ పరీక్షలో రక్తనాళాలు కంతి చుట్టూ వలయంగా ఉంటాయి.

దీనితో పొరబడడానికి అవకాశమున్నది ఎడినోమయోసిస్ అనే మరొక వ్యాధి. ఇందులో లోపొరను పోలిన కణజాలం కండరంలోకి చొచ్చుకొనిపోతుంది. గర్భాశయం ఒకవైపు ఎక్కువగా ఉబ్బుతుంది. అంచులు స్పష్టంగా ఉండవు. కండరంలో చిన్న నీటిబొట్లు కనిపిస్తాయి. రక్తనాళాలు ఆ భాగం గుండా సాగిపోతాయి. ముట్టు నొప్పి, అధిక రక్తస్రావం రెండింటిలోనూ ఉంటాయి. కాని కంతిని వలిచి తీసినట్లు ఎడినోమయోసిస్‌ను తీయడానికి వీలుండదు. చికిత్స వేరవుతుంది గనుక ఈ భేదం తెలుసుకోవడం ముఖ్యం.

అండాశయంపై పుట్టిన గడ్డ కూడ తొడిమతో వేలాడే కంతిలాగా భ్రమింపజేయవచ్చు. అందుకే రెండు అండాశయాలూ విడిగా కనిపించాయా అన్నది నివేదికలో తప్పక ఉండాలి. అనుమానం తీరనప్పుడు ఎం.ఆర్.ఐ. పరీక్షకు పంపుతారు. గర్భకుహరంలో కొద్దిగా సెలైన్ ద్రవాన్ని నింపి చేసే స్కానింగ్ వల్ల లోపలికి ఉబికిన కంతికీ, పాలిప్ అనే మెత్తని పిలకకూ తేడా తెలుస్తుంది.

నివేదికలో చూడవలసిన ఐదు అంశాలు

మొదటిది చోటు. ఇది అన్నిటికంటె ముఖ్యం. లోపొర కింద పెరిగి గర్భకుహరంలోకి ఉబికినవి 'సబ్‌మ్యూకస్' కంతులు. గోడ మధ్యలో ఉన్నవి 'ఇంట్రామ్యూరల్'. వెలుపలి పొరవైపు పెరిగినవి 'సబ్‌సీరస్'. అంతర్జాతీయ స్త్రీ వైద్య, ప్రసూతి నిపుణుల సమాఖ్య ఫిగో 2011లో వీటికి 0 నుంచి 8 వరకు అంకెలు ఇచ్చింది. 0, 1, 2 లోపలికి ఉబికినవి. 3 గోడలోనే ఉండి లోపొరను తాకేది. 4 పూర్తిగా గోడలోనే ఉన్నది. 5, 6, 7 వెలుపలివైపువి. వీటిలో 7 తొడిమతో వేలాడేది. 8 గర్భాశయ ముఖద్వారం వంటి ఇతర చోట్ల ఉండేది. లోపలికి ఉబికిన ఒకటిన్నర సెంటీమీటర్ల కంతి మనిషిని రక్తహీనురాలిని చేయగలదు. వెలుపలివైపున ఉన్న ఐదు సెంటీమీటర్ల కంతి ఏ బాధా లేకుండా ఉండిపోవచ్చు. కనుక 'ఎంత గడ్డ?' అని అడిగే ముందు 'ఎక్కడి గడ్డ?' అని అడగండి.

రెండవది పరిమాణం. మూడు దిశల కొలతలు ఇవ్వాలి. కంతి గుండ్రనిది గనుక ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. 4 సెంటీమీటర్ల అడ్డుకొలత గల కంతి ఘనపరిమాణం సుమారు 33 మిల్లీలీటర్లు. 5 సెంటీమీటర్లదైతే 65. అంటే ఒక్క సెంటీమీటరు పెరిగేసరికి కంతి దాదాపు రెట్టింపు అయినట్లు. 8 సెంటీమీటర్లైతే మొదటిదానికి ఎనిమిది రెట్లు.

మూడవది సంఖ్య. ఒకటి రెండు ఉంటే వాటిని మాత్రమే తొలగించడం సులభం. అనేకం ఉంటే శస్త్రచికిత్స శ్రమతో కూడినదవుతుంది. మరల రావడానికి అవకాశం కూడ ఎక్కువ.

నాలుగవది లోపొర మందం. దీనిని ఎండోమెట్రియం అంటారు. ముట్లు వచ్చే స్త్రీలలో ముట్టు ఆగగానే 3–4 మిల్లీమీటర్లు ఉండి, తరువాతి ముట్టు సమీపించేసరికి 12–16 మిల్లీమీటర్ల వరకు పెరగడం సహజం. ముట్లుడిగిన తరువాత రక్తం కనిపించినప్పుడు ఇది 4 మిల్లీమీటర్లకు మించి ఉంటే లోపొర ముక్క తీసి పరీక్షించవలసి ఉంటుంది. ఇక్కడ ఉపేక్ష పనికిరాదు.

ఐదవది ఇరుగుపొరుగు అవయవాల స్థితి. అండాశయాలు, మూత్రపిండాలు ఎలా ఉన్నవో చూడాలి. చాలా పెద్ద కంతి మూత్రనాళాన్ని ఒత్తితే మూత్రపిండం వాస్తుంది. దీనికి నొప్పి ఉండకపోవచ్చు గనుక స్కానింగ్‌లోనే బయటపడుతుంది.

ఒక నివేదికను చదివి చూద్దాము

ఉదాహరణకు 42 ఏళ్ళ గృహిణికి వచ్చిన నివేదిక ఇలా ఉన్నదనుకొందాము: 'గర్భాశయం ముందుకు వంగి, 9.8 × 6.1 × 5.4 సెంటీమీటర్లు, బల్కీగా ఉన్నది. ముందు గోడలో 3.2 × 3.0 × 2.9 సెంటీమీటర్ల ఇంట్రామ్యూరల్ ఫైబ్రాయిడ్, లోపొరను తాకలేదు. ఎండోమెట్రియం 8 మిల్లీమీటర్లు. ముఖద్వారంలో నాబోతియన్ సిస్టులు. అండాశయాలు రెండూ సాధారణం. వెనుక సంచిలో కొద్దిపాటి ద్రవం.'

ఇందులో భయపెట్టే మాటలు నాలుగు ఉన్నాయి. 'బల్కీ' అంటే కొంచెం పెరిగినదని మాత్రమే అర్థం. సాధారణ గర్భాశయం పొడవు 7–8 సెంటీమీటర్లు; కాన్పులైనవారిలో అంతకంటె కొంత పెద్దదిగా ఉండటం మామూలే. 'నాబోతియన్ సిస్టులు' ముఖద్వారపు గ్రంథులు మూసుకొని ఏర్పడే చిన్న నీటిబుడగలు, ఇవి హానిలేనివి. 'కొద్దిపాటి ద్రవం' అండం విడుదలయ్యే రోజులలో సహజంగానే కనిపిస్తుంది. ఇక మిగిలినది కంతి. అది గోడలోనే ఉన్నది, లోపొరను తాకలేదు, పెద్దదీ కాదు. ఈ స్త్రీకి ముట్టు సక్రమంగా వస్తూ, రక్తహీనత లేకపోతే చికిత్సే అవసరం లేదు. ఆరు నెలలకో సంవత్సరానికో మరల స్కానింగ్ చేయించి చూసుకొంటే చాలు.

అదే నివేదికలో ఇంట్రామ్యూరల్ అన్న చోట సబ్‌మ్యూకస్ అని ఉండి, ఆమెకు ముట్టు పది రోజులు సాగుతూ, హిమోగ్లోబిన్ 8 గ్రాములకు పడిపోయి ఉంటే అదే పరిమాణం గల కంతికి చికిత్స తప్పనిసరి. అప్పుడు కూడ హిస్టిరోస్కోపీ ద్వారా, పొట్ట కోయకుండా, ఆ కంతిని మాత్రమే తొలగించే అవకాశం పరిశీలించాలి.

పెరిగిందా, తగ్గిందా?

'మా మందుతో గడ్డ కరిగిపోయింది' అనే ప్రకటనలు తరచుగా కనిపిస్తుంటాయి. వీటిని తూచడానికి స్కానింగ్ కొలతలే తూనికరాళ్ళు. అయితే తూచడం తెలియాలి. ఒకే కంతిని ఇద్దరు వైద్యులు కొలిస్తే కొన్ని మిల్లీమీటర్ల తేడా రావడం సహజం. 4 సెంటీమీటర్లు ఉన్నది 3.8 అయినంత మాత్రాన తగ్గినట్లు కాదు, 4.2 అయితే పెరిగినట్లూ కాదు.

పైగా కంతులు వాటంతట అవే పెరుగుతూ, తగ్గుతూ ఉంటాయి. అమెరికాలో 72 మంది స్త్రీలలోని 262 కంతులను ఎం.ఆర్.ఐ. ద్వారా వరుసగా కొలిచి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు నెలల కాలంలో మధ్యస్థ పెరుగుదల 9 శాతంగా తేలింది. వాటిలో 7 శాతం కంతులు 20 శాతానికి మించి కుంచించుకుపోయాయి. ఒకే స్త్రీలో ఒక కంతి పెరుగుతుంటే మరొకటి తగ్గడం కూడ చూశారు. కనుక మందు వాడిన ఒకరిద్దరిలో కంతి తగ్గినంత మాత్రాన ఆ ఘనత మందుదే అనడం తొందరపాటు అవుతుంది.

సరియైన పోలిక కావాలంటే ఒకే కేంద్రంలో, వీలైతే ఒకే వైద్యుని వద్ద, ముట్టు తరువాత అవే రోజులలో చేయించాలి. పాత నివేదికలన్నిటినీ ఒక దస్త్రంలో భద్రపరచి వెంట తీసుకువెళ్ళాలి.

గర్భసంచి తీయించే ముందు

2015–16లో జరిగిన నాలుగవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ఇవన్నీ కంతుల కారణంగా జరిగినవి కావు. అయినా తెలుగునాట స్త్రీలు దేశపు సగటుకు రెట్టింపు మించి ఈ శస్త్రచికిత్సకు గురికావడం ఆలోచించవలసిన విషయం. అనవసరమైన గర్భసంచి శస్త్రచికిత్సల నివారణకు కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2022లో మార్గదర్శకాలు వెలువరించింది. వాటిని మూడు నెలలలో అనుసరించవలసిందిగా సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది.

శస్త్రచికిత్స చెడ్డదని దీని అర్థం కాదు. బాధ తీవ్రంగా ఉండి, ఇతర మార్గాలు ఫలించనప్పుడు అది ప్రాణదాయకమే. కాని నిర్ణయానికి ముందు వైద్యుని ఈ ప్రశ్నలు అడగడం మీ హక్కు: నా బాధకు ఈ కంతే కారణమా? మందులతో రక్తస్రావాన్ని అదుపు చేయవచ్చునా? హార్మోన్ గల గర్భాశయ సాధనం నాకు సరిపడుతుందా? కంతిని మాత్రమే తీయవచ్చునా? కంతికి రక్తం అందించే నాళాలను మూసే ఎంబొలైజేషన్ పద్ధతికి అవకాశమున్నదా? ఈ పద్ధతిని కంతుల చికిత్సకు వాడిన ఫలితాలను పారిస్ వైద్యులు 1995లోనే ప్రకటించారు. చివరిగా, గర్భసంచి తీస్తే అండాశయాలను ఉంచుతారా? ముట్లుడిగే వయసుకు ముందే రెండు అండాశయాలనూ తీసివేస్తే ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బుల ముప్పు పెరగడం జరుగుతుంది. మొదటి సలహా తరువాత మరొక వైద్యుని అభిప్రాయం తీసుకోవడం ఎవరినీ అవమానించడం కాదు.

ఇంటిలో పాటించదగినవి

ముట్టు తేదీలను, ఎన్ని రోజులు సాగినదీ, రోజుకు ఎన్ని గుడ్డలు లేక ప్యాడ్లు మార్చినదీ, గడ్డలు పడినదీ లేనిదీ క్యాలెండరుపై రాసుకోండి. స్కానింగ్ నివేదికతో పాటు వైద్యునికి ఇది అత్యంత విలువైన సమాచారం.

రక్తహీనతను నివారించడానికి మునగాకు, తోటకూర, రాగులు, నువ్వులు, ఉలవలు, అలసందలు ఆహారంలో తరచుగా చేర్చండి. వీటితో ఉసిరికాయ పచ్చడి, నిమ్మరసం లేక జామపండు తీసుకొంటే ఇనుము చక్కగా వంటబడుతుంది. భోజనం చేసిన వెంటనే కాఫీ, టీ తాగితే ఇనుము గ్రహింపు తగ్గుతుంది. గంట వ్యవధి ఇవ్వండి. హిమోగ్లోబిన్ 12 గ్రాములకంటె తక్కువ ఉంటే రక్తహీనతగా పరిగణించాలి. బాగా తగ్గినప్పుడు ఆహారం ఒక్కటే చాలదు. వైద్యుడు సూచించిన ఇనుము మాత్రలు తప్పక వాడాలి.

అశోక పట్ట, లొద్దుగ పట్ట, శతావరి మొదలైనవి స్త్రీ వ్యాధులలో మన వైద్యులు తరతరాలుగా వాడుతున్నవే. కాంచనార గుగ్గులును గ్రంథులకు ఇస్తారు. వీటిని అర్హతగల ఆయుర్వేద వైద్యుని పర్యవేక్షణలోనే వాడండి. ఇవి కంతిని పూర్తిగా కరిగిస్తాయని నిర్ధారణ కాలేదు. కనుక వాడే ముందు ఒక స్కానింగ్, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించి, ఆరు నెలల తరువాత మరల సరిచూసుకోండి. ఏ మందులున్నవో తెలియని పొట్లాలు, ఊరూపేరూ లేని భస్మాలు వాడవద్దు. సరిగా శుద్ధి కాని భస్మాలలోని సీసం, పాదరసం శరీరానికి విషం.

వెంటనే వైద్యుని చూడవలసిన లక్షణాలు: గంటకొక ప్యాడ్ తడిసిపోయేంత రక్తస్రావం, తల తిరగడం, ఆయాసం, హఠాత్తుగా తీవ్రమైన పొత్తికడుపు నొప్పి, మూత్రం బిగుసుకుపోవడం, ముట్లుడిగిన తరువాత ఒక్క చుక్క అయినా రక్తం కనిపించడం.

సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: కంతి ఉన్నవారికి గర్భం నిలుస్తుందా?
జవాబు: చాలామందికి నిలుస్తుంది, సుఖప్రసవం కూడ జరుగుతుంది. గర్భకుహరంలోకి ఉబికిన కంతులు మాత్రం గర్భధారణకు ఆటంకం కావచ్చు. గర్భిణికి కంతి వద్ద తీవ్రమైన నొప్పి కలిగితే కంతికి రక్తం చాలక అలా జరిగి ఉండవచ్చు. విశ్రాంతి, వైద్యుడు ఇచ్చే నొప్పి నివారణ మందులతో సాధారణంగా తగ్గుతుంది.

ప్రశ్న: తరచుగా స్కానింగ్ చేయించుకొంటే హాని కలుగుతుందా?
జవాబు: ఇది ధ్వనితో చేసే పరీక్ష గనుక ఎక్స్‌రే వంటి హాని లేదు. అయితే అవసరం లేకుండా నెలనెలా చేయించడం వల్ల ఖర్చు, ఆందోళన తప్ప ప్రయోజనం లేదు.

ప్రశ్న: ఎటువంటి కేంద్రంలో చేయించాలి?
జవాబు: అల్ట్రాసౌండ్ కేంద్రాలు 1994 నాటి గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద నమోదై ఉండాలి. ఆ ధ్రువపత్రం గోడపై కనిపించాలి. కొలతలు, చోటు, లోపొర మందం వివరంగా రాసి, సంతకంతో నివేదిక ఇచ్చే కేంద్రాన్ని ఎన్నుకోండి. 'ఫైబ్రాయిడ్ ఉన్నది' అని ఒక్క వాక్యంతో ముగించిన నివేదికపై ఆధారపడి శస్త్రచికిత్సకు అంగీకరించవద్దు.

ప్రశ్న: నాకు 47 ఏళ్ళు. 6 సెంటీమీటర్ల కంతి ఉన్నది. బాధ ఏమీ లేదు. తీయించాలా?
జవాబు: కొలతను మాత్రమే చూసి తీయించనవసరం లేదు. కంతి చోటు, మూత్రపిండాల స్థితి, హిమోగ్లోబిన్ సక్రమంగా ఉంటే క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకొంటూ వేచి చూడవచ్చు. ముట్లుడిగిన తరువాత అది తగ్గుముఖం పడుతుంది. ఆ తరువాత కూడ పెరిగితే మాత్రం ఆలస్యం చేయవద్దు.

అల్ట్రాసౌండ్ నివేదిక తీర్పు కాదు, సాక్ష్యం. చోటు, పరిమాణం, సంఖ్య, లోపొర, పొరుగు అవయవాలు అనే ఐదు అంశాలను మీ లక్షణాలతో కలిపి తూచినప్పుడే తగిన నిర్ణయం లభిస్తుంది. నివేదిక చేతికి రాగానే ఈ ఐదింటినీ ఒక కాగితంపై రాసుకొని, లేనిదేదైనా ఉంటే అడిగి రాయించుకొని, ఆ తరువాతనే వైద్యుని వద్దకు వెళ్ళండి.